ఓబులు ఎడమ చెంప

ఆ జిల్లాలో బందిపోటు చావాలంటే ముందు కుమారప్పకు తీరిక ఉండాలి.

ఎగతాళికి అన్న మాట కాదిది, సాక్షాత్తూ సర్కారు ఉత్తర్వు. తెల్లదొరల ఏలుబడిలో, పొగబండి ఇంకా ఆ దిక్కుకు రాని రోజుల్లో, పోలీసులు బందిపోటును కాల్చి చంపితే తలకాయను తట్టలో పెట్టి హుజూరు కచ్చేరీకి పంపేవారు. కచ్చేరీ చేరేసరికి అది బందిపోటుదో, గుమ్మడికాయో తేల్చడం కష్టంగా ఉండేది. కొత్తగా వచ్చిన కలెక్టరు దొరకు ముక్కు సున్నితం, పైగా ఫోటోగ్రాపులంటే చెడ్డ పిచ్చి. వచ్చిన నెలలోనే తాకీదు దిగింది: "ఇకమీదట ఏ బందిపోటునైనను ఫోటోగ్రాపు లేనిదే చనిపోయినట్లు భావింపరాదు. ఫోటోగ్రాపు వచ్చువరకు సదరు మనుష్యుడు పరారీలో నున్నట్లే లెక్క."

ఇంక చూడండి. గుండు దెబ్బ తిని చచ్చినవాడు చచ్చినట్టు కుదురుగా పడి ఉంటాడు. అతని పేరు మాత్రం పరారీ జాబితాలో తిరుగుతూనే ఉంటుంది. కుమారప్ప ఎడ్లబండిలో తన ఫోటోగ్రాపు పెట్టె వేసుకుని వెళ్లేదాకా ఆ మనిషికి చావు రాదు.

కుమారప్ప రథాలకు రంగులు వేసే ఇంట పుట్టాడు. సర్వే దొర ఒకడు తన సీమకు వెళ్లిపోతూ పటాల పెట్టెను వదిలేస్తే, దానితో కుస్తీ పట్టి విద్య నేర్చుకున్నాడు. గాజుపలకకు మందు పూసి, పెట్టెలో పెట్టి, మూత తీసి, పన్నెండు లెక్కబెట్టేదాకా ఎదుటి మనిషి కదలకూడదు. బతికినవాళ్లతో ఇదే పెద్ద తంటా. ఒకడు తుమ్ముతాడు, ఒకడు గోక్కుంటాడు, ఇంకొకడు "అయిందా?" అని అడుగుతాడు. అడిగినవాడి మూతి పటంలో పొగలాగా పడుతుంది. చచ్చినవాళ్లతో ఆ బెంగ లేదు.

అందుకే జమేదారు మునెప్పకు కుమారప్ప మీద కోపం. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తలపాగా చుట్టి, చేతికి తుపాకీ ఇచ్చి, వెనక తన జవాన్లతో నిలబడి పటం తీయించుకున్నప్పుడల్లా ఒకటే గొడవ.

"ఏమప్పా కుమారప్పా! సచ్చినోడు పెండ్లికొడుకు మాదిరి వచ్చినాడు, నా మీసం యాడ పోయింది?"

"కదిలినారు సామీ."

"ముక్కు మింద ఈగ వాలితే కదలకుండా ఎట్లుండేది?"

"ఆయన ముక్కు మింద గూడా వాలింది సామీ. ఆయన కదల్లేదు."

ఇక్కడ గాజుపలక సంగతి ఒకటి చెప్పుకోవాలి. మనిషి దాని మీద అద్దంలో కనబడినట్టే పడతాడు. కుడి చెయ్యి ఎడమవుతుంది, ఎడమ చెయ్యి కుడి అవుతుంది. పలకకు ఒక పక్క నల్లలక్క పూస్తే తప్ప బొమ్మ కంటికి ఆనదు. కుమారప్ప బొమ్మ పడిన పక్కనే లక్క పూసి, పలకను తిప్పి, రెండో పక్క నుంచి చూపించేవాడు. అప్పుడు కుడి కుడే, ఎడమ ఎడమే. లోకం సవ్యంగా ఉండేది.

ఆ సవ్యం హుజూరు సిరస్తదారు భీమసేనరావు గారి కంట పడింది. కచ్చేరీలో దొర తర్వాత దొర ఆయనే. ముప్ఫై ఏళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుని ఆ కుర్చీకే రూపం తెచ్చిన మనిషి. ఏ కాగితమైనా ఆయన చేతిలోంచి పోవలసిందే, పోయినవి తక్కువ. ఆయన పలకను రెండు వేళ్లతో పట్టుకుని అన్నారు:

"సర్కారువారి సాక్ష్యమగు బొమ్మపై లక్క పూయుట ఏమి దుడుకుతనము? బొమ్మకు హాని కలిగినచో ఎవరు జవాబుదారి? ఇకమీదట బొమ్మ లేని వైపుననే లక్క పూసి, దానిపై కచ్చేరీ ముద్ర వేయవలెను. ముద్ర పగులగొట్టుట నేరము."

"సామీ, అట్ల చేస్తే కుడి ఎడమ తారుమారైతాయి సామీ."

"కుడి ఎడమలు మార్చుటకు నీకు గాని నాకు గాని అధికారము లేదు. కావలసినచో అర్జీ పెట్టుకొనుము."

కుమారప్ప అర్జీ పెట్టుకున్నాడు. అందినట్టు రసీదు వచ్చింది. అర్జీ ఎర్రగుడ్డ మూటలోకి పోయింది.

ముద్ర పడిన పటాలు వరసగా దొర బల్ల మీదికి చేరాయి. దొర భూతద్దం పెట్టి చూసి మండిపడ్డాడు. పటంలో జవాన్లందరూ డవాలు తప్పు భుజం మీద వేసుకుని ఉన్నారు. ఇత్తడి బిళ్ల ఉన్న ఆ పట్టీ కుడి భుజం మీంచి ఎడమ నడుముకు రావాలని నిబంధన. పటంలో తిరగేసి ఉంది. కనుక జవాన్లు నిబంధన మీరినట్టు రుజువైంది. జవాన్లను ఎదురుగా పిలిచి చూస్తే డవాలు సరిగానే ఉన్నాయే! ఉంటే ఉండనీ. "కన్ను పొరబడును, గాజు పొరబడదు" అని భీమసేనరావు ఒక చక్కని వాక్యం రాసి సంతకానికి పెట్టారు. మర్నాటి నుంచి జిల్లా పోలీసులంతా డవాలు తప్పు భుజం మీద వేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాత తీసిన పటంలో డవాలు దివ్యంగా నిబంధన ప్రకారం పడ్డాయి. దొర సంతోషించాడు. తప్పు ఒంటి మీద మాత్రమే ఉండిపోయింది, దాన్ని చూసే అధికారి ఎవరూ లేరు.

నవ్వుకుని ఊరుకోవలసిన ముచ్చటే. కుమారప్ప కూడా నవ్వుకునే ఊరుకున్నాడు. అదే అతను చేసిన పాపం.

నల్లగుట్ట ఓబులు అని పేరుమోసిన బందిపోటు ఉండేవాడు. పట్టుబడితే విచారణ అక్కర్లేదు, ఉరి అతని పేరు మీద ముందే ఖరారై ఉంది. కచ్చేరీ వారి ఆనవాళ్ల చిట్టాలో ఇట్లా ఉంది: "ఎడమ చెంపన నాలుగంగుళముల గాటు. వయస్సు అయిదు పదులు. మితభాషి. కఠినమైన చూపు. గంటలతరబడి ఒకేచోట కదలక పొంచి కూర్చుండు అలవాటు కలదు. జనులు ఇతని ఎదుటపడుటకు జంకుదురు." వేసవిలో ఒకనాడు ఓబులు గుట్ట మీంచి కాలుజారి పడి చచ్చిపోయాడు. జమేదారు మునెప్ప మర్నాడు వెళ్లి ధైర్యంగా ఒక గుండు కాల్చి, కుమారప్పకు కబురు పెట్టాడు. ఊరు ఊరంతా వచ్చి ఓబులే అన్నారు. ముసలితల్లి వచ్చి చెంప మీది గాటును తడిమి గోడుగోడున ఏడ్చింది. కుమారప్పకు కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి. పటం తీశాడు, బొమ్మ లేని వైపు లక్క పూశాడు, ముద్ర పడింది, శవాన్ని దహనం చేశారు.

పటంలో గాటు కుడి చెంపన ఉంది.

భీమసేనరావు చిట్టాను ఎడం పక్క, పటాన్ని కుడి పక్క పెట్టుకుని ఒక పూటంతా చూశారు. తర్వాత రాశారు: "చిట్టా సర్కారువారిది, తప్పు కానేరదు. పటము సర్కారువారిది, తప్పు కానేరదు. కావున తప్పు శవమునందే యున్నది. చనిపోయినవాడు కుడిచెంప గాటుగల వేరొక మనుష్యుడు. ఎడమచెంప ఓబులు పరారీలోనే యున్నాడు."

"వాళ్లమ్మే వచ్చి ఏడ్చింది గదా సామీ!" అన్నాడు కుమారప్ప.

"తల్లి సాక్ష్యము కన్నీటిచే తడిసి అస్పష్టముగా నున్నది."

"ఆ ముద్ర తీసి పలక తిప్పి చూడండి సామీ, మీకే తెలుస్తాది."

"ముద్ర పగులగొట్టుట నేరమని నీకు చెప్పియుంటిని. నీ అర్జీ పరిశీలనలో నున్నది. పొమ్ము."

మునెప్పకు పది రోజుల గడువు ఇచ్చారు. ఎడమ చెంపన గాటున్న మనిషిని తేవాలి, లేకుంటే డవాలు దించి ఇంటికి పోవాలి. మునెప్ప తొమ్మిదో రోజున సంతలో ఒకణ్ని పట్టుకున్నాడు. ఆ మనిషి కొయ్యబొమ్మలు అమ్ముకుంటున్నాడు. ఎడమ చెంపన ఉలి జారి పడిన గాటు ఉంది. పేరు నరసప్ప. కుమారప్పకు స్వయానా బావమరిది.

నరసప్పకు ముప్ఫై నిండలేదు. ఓబులు భుజం దాకా కూడా రాడు. ఇక మితభాషి అన్న మాట అతని ముందు అంటే కొయ్యబొమ్మలు కూడా నవ్వుతాయి. సంత నుంచి ఠాణా దాకా ఆరుమైళ్లు ఆగకుండా మాట్లాడాడట. బేడీలు వేసిన జవాను అతని దగ్గర ఒక కొయ్యగుర్రం బేరం చేసి మరీ తెచ్చుకున్నాడు.

కుమారప్ప కచ్చేరీకి పరుగెత్తాడు.

"సామీ, వాడు నా పెండ్లాం తమ్ముడు సామీ. చీమకు గూడా దారిచ్చి నడిచేటోడు. ఓబులు ఎంత పొడుగు, వీడెంత?"

"భయముచే కుంచించుకొని పోయి యుండవచ్చును."

"వాడికి నోరు మూతపడదు సామీ!"

"నిజస్వరూపమును దాచుటకై వాగుచుండవచ్చును. చూడుము కుమారప్పా, సర్కారు అన్యాయము చేయదు. పద్ధతి యున్నది. మనుష్యుడెవరో నిశ్చయముగా తేల్చునది పటము. పటము చనిపోయినవారికే తీయవలెనని తాకీదు. కనుక సోమవారము ఉరి. ఉరి పిమ్మట పటము. పటమునందు గాటు ఎడమన లేనిచో, అతడు ఓబులు కాడని రుజువగును. తక్షణమే విడుదల చేయబడును."

కుమారప్పకు తాను తీయబోయే పటం అప్పుడే కళ్ల ముందు కనబడింది. గాటు కుడి చెంపనే పడుతుంది, నరసప్ప నిర్దోషి అని తేలుతుంది, తేలిన కాగితం తెచ్చి తన చేతిలోనే పెడతారు. ఆ తర్వాత ఎడమ చెంపన గాటున్న మరొకణ్ని వెతుకుతారు. అట్లా జిల్లాలో ఉన్న నిర్దోషులందరినీ వరసగా రుజువు చేసుకుంటూ పోతారు.

ఠాణా కటకటాల దగ్గర నరసప్ప నవ్వుతూనే పలకరించాడు. "బావా, నా పటం నువ్వే తీస్తావంట గదా! బాగా తీయి. మా అక్కకు చూపియ్యి." అని, ఉన్నట్టుండి కటకటాలు పట్టుకుని, "బావా, పన్నెండు లెక్కబెట్టేదాకా కదలకుండా ఉండాలంటే నాతో అయితాదా?" అన్నాడు. కుమారప్ప అక్కణ్నుంచి ఇంటికి వచ్చేశాడు.

భార్య తిమ్మక్క పొయ్యి కూడా వెలిగించకుండా గుమ్మంలో కూర్చుని ఉంది. నరసప్పను ఎత్తుకుని పెంచిన చేతులవి. మొగుడు చెప్పిందంతా విని కొంగుతో మొహం తుడుచుకుంది.

"కుడి ఎడమైతాదని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"తెలిసి నవ్వుకుంటా కూచున్నావా ఇన్ని దినాలు?"

"అర్జీ పెట్టినా గదే!"

"అర్జీ పెట్టినాడంట అర్జీ! నా తమ్ముడి మెడకు తాడు పెట్టి, నీ అర్జీని వాడి పాడె మింద కప్పుతారా?" అని కాసేపు చెడామడా తిట్టింది. తిట్టు అయిపోయాక మెల్లగా అడిగింది. "మొన్న తేరు పండగలో చూసినా. ఆ సిరస్తదారు సామి మొగాన గూడా ఏందో గాటుంది గదా?"

"చిన్నప్పుడు సెగ్గడ్డ కోయించినారంట. యాల?"

"యా పక్కన?"

కుమారప్ప తన చెంప తానే తడుముకుని చూసుకున్నాడు. "కుడి పక్కన."

"అయితే పోయి ఆయన పటం తీయి" అంది తిమ్మక్క, లేచి పొయ్యి ముట్టించడానికి పోతూ.

మర్నాడు పొద్దున్నే కుమారప్ప పెట్టెతో సహా భీమసేనరావు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సామీ, దొంగలకు దొమ్మరులకు పటాలున్నాయి. ముప్ఫై ఏండ్లు జిల్లాను మోసిన తమకు లేదే అని నా పానం ఉసూరుమంటాంది" అన్నాడు. భీమసేనరావు ఇట్లాంటివన్నీ నాకు గిట్టవు అన్నారు. అంటూనే ఉత్తరీయం సర్దుకున్నారు, తలపాగా మార్చుకుని వచ్చారు.

కుమారప్ప మూత తీశాడు. ఒకటి, రెండు, మూడు... ఆయన రెప్ప కొట్టలేదు. ముక్కు మీద ఈగ వాలింది, వాలి తనే విసుగు పుట్టి లేచిపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఏ కాగితాన్నీ కదలనివ్వని మనిషి తాను మాత్రం ఎందుకు కదులుతాడు? బతికున్న మనిషి అంత తేటగా పలక మీద పడడం కుమారప్ప ఎన్నడూ చూడలేదు.

"ముద్ర వేయమంటారా సామీ?" అని వినయంగా అడిగాడు. "ముద్ర లేకుంటే అల్లాటప్పా జనాల పటం మాదిరి ఉంటాది. ఉంటే సర్కారు హోదా."

"ముద్ర యుండవలసినదే" అన్నారు భీమసేనరావు. లక్క వైపు తిప్పించి తన చేత్తోనే ముద్ర గుద్దారు. ముద్ర పడింది కాబట్టి పటం ఆ వారం ముద్రపడిన పటాల తట్టలో దొర బల్ల మీదికి పోయింది.

శనివారం దొర తట్ట విప్పాడు. భీమసేనరావు పక్కన నిలబడి ఉన్నారు. మునెప్ప సోమవారం ఉరి కాగితాలతో వచ్చి ఉన్నాడు. కుమారప్ప గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

దొర పరీక్ష పాసై నేర్చుకున్న తెలుగులో, భూతద్దం తీయకుండా చదివినట్టు మాట్లాడాడు. "గాటు ఉన్నది. ఎడమ చెంప. ముద్ర ఉన్నది. ముద్రగల పటము చనిపోయిన బందిపోటుది. ఓబులు చనిపోయినాడు. నేను సంతోషించుచున్నాను." అని తల ఎత్తి, ఆగి, మళ్లీ పటం చూసి, మళ్లీ తల ఎత్తాడు. "కానీ ఇతడు మా సిరస్తదారుని పోలియున్నాడు. జమేదార్, చిట్టా చదువుము."

మునెప్ప కూడబలుక్కుంటూ చదివాడు. "వయస్సు అయిదు పదులు. మితభాషి. కఠినమైన చూపు..." ఒక్కొక్క మాటకూ తల తిప్పి సిరస్తదారును చూశాడు. "గంటలతరబడి ఒకేచోట కదలక పొంచి కూర్చుండు... జనులు ఇతని ఎదుటపడుటకు జంకుదురు." అంతవరకు వచ్చేసరికి అతని చెయ్యి తనకు తెలియకుండానే నడుముకున్న బేడీల మీదికి పోయింది.

"దొరవారూ! ఆ పటము నాదే!" అన్నారు భీమసేనరావు.

"ఒప్పుకొనుచున్నారు" అన్నాడు దొర విచారంగా.

"అయ్యో, నా గాటు కుడి చెంపన ఉన్నది! చూడుడు!"

"చూచుచున్నాను. కానీ కన్ను పొరబడును, గాజు పొరబడదు. ఇది మీరు వ్రాసిన వాక్యము. చాల మంచి వాక్యము. ముందు ఉరి, పిమ్మట పటము అన్నది పద్ధతి. మీ విషయములో పటము ముందే వచ్చినది. కనుక ఉరి మాత్రమే మిగిలియున్నది."

మునెప్ప ఒక అడుగు ముందుకు వేశాడు. అప్పుడు, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి, భీమసేనరావు పరుగెత్తారు. అలమర దగ్గరికి పోయి ఎర్రగుడ్డ మూటలు ఒకటొకటే కింద పడేసి, అడుగున ఉన్న మూట విప్పి, దుమ్ము దులిపి ఒక కాగితం తెచ్చి దొర ముందు పెట్టారు.

"ఈ విషయమై ఎనిమిది నెలల క్రిందటనే కుమారప్ప యను బుద్ధిశాలి మిక్కిలి విలువైన అర్జీ దాఖలు చేసియున్నాడు. గాజునందు కుడి ఎడమలు తారుమారగునట! నేను నాటి నుండియు దానిని లోతుగా పరిశీలించుచున్నాను."

"పరిశీలన ఎప్పుడు ముగియును?" అని అడిగాడు దొర.

భీమసేనరావు బేడీల వైపు చూశారు. "ఇప్పుడే ముగిసినది" అని, కలం తీసి అర్జీ మీద 'మంజూరు' అని రాశారు.

కుమారప్ప ముందుకు వచ్చాడు. సిరస్తదారు గారి అనుమతితో ఓబులు పటం ముద్ర పగులగొట్టి, లక్క గీకి, పలకను తిప్పి, దొరగారి నల్లకోటు చేతికి ఆనించి పట్టుకున్నాడు. గాటు కుడి చెంప నుంచి ఎడమ చెంపకు వచ్చి కూర్చుంది. ముసలితల్లి తడిమి ఏడ్చిన చెంప అదేనని కుమారప్పకు గుర్తొచ్చింది.

"ఆశ్చర్యము" అన్నాడు దొర. "అయితే ఓబులు మూడు వారముల క్రిందటనే చనిపోయినాడు. ఠాణాలో ఉన్నవాడెవడు?"

"బొమ్మలు అమ్ముకొనువాడు దొరవారూ" అన్నారు భీమసేనరావు గభాలున. "నాకు మొదటి నుండియు అనుమానముగానే యున్నది."

విడుదల కాగితం అప్పటికప్పుడే తయారైంది. ఆ కచ్చేరీలో మొదలుపెట్టిన రోజే ముగిసిన కాగితం అదొక్కటే. మునెప్ప బేడీలు నడుముకు దోపుకుని, గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగాడు.

"సామీ, మరి మా డవాలు? సరైన భుజానికి మార్చుకోవచ్చునా?"

భీమసేనరావు తన కుర్చీలో తాను కూర్చున్నారు. ఊపిరి కుదుటపడింది. చూపు మళ్లీ కఠినమైంది.

"దానికి వేరే అర్జీ పెట్టుకొనుము" అన్నారు.

నరసప్ప మాట్లాడుకుంటూనే ఇంటికి వచ్చాడు. ఠాణాలో సంగటి ఎంత గట్టిగా ఉందో, జవాను కొడుకు కొయ్యగుర్రానికి ఏం పేరు పెట్టాడో, అన్నీ చెప్పుకుంటూనే గడప దాటాడు. తిమ్మక్క వాణ్ని పట్టుకుని వీపు మీద నాలుగు చరిచి, ఏడ్చి, అన్నం పెట్టింది. తిన్నాక కుమారప్ప వాకిట్లో పెట్టె దించి, "రారా, నీ పటం తీస్తా. సర్కారు ముద్ర లేకుండా" అన్నాడు.

"పన్నెండు లెక్కబెట్టేదాకా నోరు మూసుకోరా" అంది తిమ్మక్క. నరసప్ప తల ఊపాడు. మూడు లెక్కపెట్టేసరికి "అక్కా, ఇట్లనేనా?" అన్నాడు. అయిదుకు కాకిని అదిలించాడు. తొమ్మిదికి నవ్వు ఆపుకోలేకపోయాడు.

పలక మీద ఒక చొక్కా, రెండు మోకాళ్లు తేటగా పడ్డాయి. తల ఉండవలసిన చోట తెల్లటి పొగ ఉంది. కుడి చెంపా లేదు, ఎడమ చెంపా లేదు.

"పాడైపోయింది" అని కుమారప్ప తడిగుడ్డ తీసుకుని తుడవబోయాడు. తిమ్మక్క చటుక్కున పలక లాక్కుంది.

"తుడవద్దు. కదిలినాడు గదా" అని, లోపలికి తీసుకుపోయి నడవ గోడకు తగిలించింది.